పంటి కింది చప్పుడు

స్కెల్డ్ నది మంచు షెడ్డులోకి పాకక ముందే
అడుగున బోల్టు విప్పాను.
నల్లటి నూనె, తొందరేమీ లేకుండా,
బేసిన్‌లోకి దిగింది.

నూరేళ్లకు రెండు మూడేళ్లు తక్కువ దీనికి.
మొదట ఒక వజ్రాల వర్తకుడి భార్యని ఒపేరాకి మోసింది.
తర్వాత ఎవరో వెనక సగం కోసి
శవపేటికల బండి చేశారు.
రెండో యుద్ధంలో పెట్రోలు లేక
వీపున పొయ్యి కట్టుకుని కట్టెల గ్యాసుతో దగ్గుతూ నడిచింది.
ఆఖరికి గెంట్ అవతల ఒక కొట్టంలో
డ్రైవరు సీటు మీద కోడి పొదిగింది.
గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు సీటు.
కోడికేం, రాజభోగం!

ఈ ఇంజనుకి వాల్వులు లేవు,
టకటకా నెత్తి బాదుకునేవి ఏవీ లేవు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇక్కడ ఒరలో ఒర ఇమిడింది:
ఒక్కో సిలిండరులో రెండు పోత ఇనుప గొట్టాలు
పైకీ కిందికీ జారుతుంటాయి.
వాటి చీలికలు ఎదురుపడితే శ్వాస,
తప్పుకుంటే బిగబట్టడం.
అంతే.
ఈ నెమ్మదికి కూలి నూనెతో చెల్లించాలి.
గొట్టాల మధ్య అది కాలుతూనే ఉంటుంది,
వీధి పొడుగునా నీలి పొగ.

ఆంట్వెర్ప్ కార్ఖానాలో ఒడీల్ అని ఒకడుండేవాడు.
తయారైన ప్రతి ఇంజనూ చివరికి అతని బల్ల దగ్గరికే.
ఇజేర్ కందకాల్లో ఫిరంగులు
అతని రెండు చెవుల్నీ తుడిచేశాయి.
చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని
తోటివాళ్లు నవ్వేవారట.
అతను పట్టించుకునేవాడు కాదు,
వినపడదు కనక.
జానెడున్నర కర్ర,
ఒక కొస ఇంజను మీద,
ఇంకో కొస పళ్ల మధ్య.
కళ్లు మూసుకుని, ఎముకల్లోంచి వినేవాడు.

ఆ కర్రా, అతని పద్దు పుస్తకమూ
ఒక వేలంలో బిస్కెట్ల డబ్బాతో సహా కొన్నాను.
ఛాసిస్ నంబరు, తేదీ, పక్కన ఒకటే మాట:
ఏమీ లేదు.
ఏమీ లేదు.
పేజీలకు పేజీలు ఏమీ లేదు.
లేమిని ఇంత గర్వంగా రాసుకున్నవాణ్ణి నేను చూడలేదు.

ఈ బండి నంబరు దగ్గర మాత్రం:
ఏదో ఉంది. మూడు రోజులు వెతికాను.
పంపెయ్యమన్నారు.
ఆ చివరి మాట దగ్గర పెన్సిలు కాగితాన్ని చీల్చింది.

సొంతదారు లామ్‌బ్రెఖ్ట్స్ వారం వారం వస్తాడు.
పొగ రాకూడదు, గోడెలీవ్, అంటాడు.
పోటీలో మార్కులు కోస్తారట.
పొగ ఆపితే గొట్టాలు పట్టేస్తాయన్నాను.
గడియారం చూసుకుని
పెయింటు సంగతి అడిగాడు.

నిన్న మధ్యాహ్నం ఇంజను లేచింది.
సడి లేదు. చిన్న అలికిడైనా లేదు.
మడ్‌గార్డు మీద నిలబెట్టిన నాణెం పడలేదు.
అప్పుడు కర్ర తీశాను.
ఒడీల్ పంటి గాట్లు నా పళ్లకి కుదరలేదు,
అతని దవడ వెడల్పు.
కొంచెం పక్కన కరిచాను.

మొదట నా నెత్తురే వినిపించింది.
ఆ తర్వాత నీళ్ల పంపు, గొలుసు, ఫ్యాను.
అయిదో సిలిండరు దగ్గర
పంటి కింద రాయిలా
ఒకటి.

రాత్రంతా విప్పాను.
గొట్టాన్ని ఆడించే పిన్ను వెంట్రుకంత వదులు.
దొరికావురా అనుకున్నాను, గట్టిగానే అన్నాననుకుంటాను.
కొత్త పిన్ను తిప్పి, నూరి, బిగించి
తెల్లారి మళ్లీ కర్ర కరిస్తే

ఉంది.

పది గంటలకి లామ్‌బ్రెఖ్ట్స్ వచ్చి వెనక కూర్చున్నాడు.
వీధి మలుపు దాకా తీసుకెళ్లి తెచ్చాను.
ఎంత నిశ్శబ్దం! అన్నాడు,
చర్చిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించి.
అవునన్నాను.
ట్రక్కు ఎక్కించేటప్పుడు లేచిన నీలి పొగ
అతని కోటు మీద కాసేపు వాలింది.

సోమవారం దాకా
రొట్టె కుడివైపే నమిలాను.